కోజికోడ్‌కు ఏ మౌసమ్‌లో పోవాలి?

ఈసారి సెలవులకు అజ్మీరు వద్దు, గుల్బర్గా వద్దు, కోజికోడ్ పోదామని ఇంట్లో చెప్పాను. అదీ జూలైలో, నడి వానల్లో. నా భార్య ఒకసారి నా మొహంలోకి చూసి మాట్లాడకుండా వంటింట్లోకి పోయింది. బిడ్డ మాత్రం ఎగిరి గంతేసింది, దానికి సముద్రం చూడాలని ఎప్పటినుంచో ఉంది. అమ్మీ తస్బీ తిప్పుతూ అన్నీ వింటూనే ఉంది. కాసేపటికి అడిగింది: "ఆడ ముసల్మానులున్నరా?"

ఉన్నారమ్మీ, మనవాళ్లు ఈ దక్కన్‌లో అడుగు పెట్టకముందు నుంచీ ఉన్నారన్నాను.

"ఉర్దూ మాట్లాడుతరా?"

లేదు, మలయాళం మాట్లాడతారు. ఇంట్లో కూడా మలయాళమే.

తస్బీ ఆగింది. "ఉర్దూ రాకపోతే వాళ్లేం ముసల్మానులురా?"

మా ఇంట్లో మాట దక్కనీలో నడుస్తుంది. చదివేవాళ్ల కోసం తెలుగు చేసి రాస్తున్నాను. కానీ ఆ ప్రశ్న ఏ భాషలో రాసినా ఒకటే. అది నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే దాన్ని తిరగేసిన ప్రశ్న నేను పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ వింటూనే ఉన్నాను. ఆరో తరగతిలో పద్యం తప్పు లేకుండా అప్పజెప్పినందుకు మా తెలుగు సారు మెచ్చుకుంటూనే అన్నాడు: "సాయిబుల పిల్లగానివి, తెలుగు ఇంత మంచిగ ఎట్ల వచ్చిందిరా నీకు?" ఆయన మనసులో కల్మషం లేదు. ముప్పై ఏళ్ల తర్వాత పత్రిక డెస్కులో పక్క కుర్చీ మిత్రుడు, నా హెడ్డింగు చూసి, "మీరు తెలుగు మాకంటే బాగా రాస్తారండీ" అన్నాడు. ఆయన మనసులోనూ కల్మషం లేదు. కాని ఆ 'మీరు', 'మాకంటే' అనే రెండు మాటల మధ్య ఎంత ఖాళీ ఉందో ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. మొదట్లో నేను పనిచేసిన ఉర్దూ అఖ్బారులో ఇంకో తమాషా. అక్కడ నేను 'తెలుగు బడిలో చదివినోడు'ని. నా షీన్, ఖాఫ్‌లు సరిగ్గా పలకవని నవ్వేవాళ్లు.

సరే, మనల్ని వాళ్లన్నారు, వీళ్లన్నారు అని చెప్పుకోవడం తేలిక. మనం అన్నవి చెప్పుకోవాలి కదా. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల వాళ్లను మా బంధువర్గంలో ఎన్ని మాటలనేవాళ్లో నాకు తెలుసు. వాళ్లు నమాజు చేస్తారు, రోజా ఉంటారు, పీర్లను ఎత్తుకుంటారు. అయినా పిల్లనివ్వడానికి మాత్రం 'వాళ్లు వేరే'. కారణం అడిగితే మిగతావన్నీ తిప్పితిప్పి చివరికి భాష దగ్గరికే వస్తారు. షేక్ చినమౌలానా నాదస్వరం విని దేశమంతా తలూపింది. కరవది గ్రామంలో పుట్టిన ఆ తెలుగు ముస్లింను మా ఇళ్లలో ఎంతమంది మనవాడనుకున్నారు?

అందుకే కోజికోడ్ పోవాలి. మతం ఒక చోటి నుంచి, భాష ఇంకో చోటి నుంచి వచ్చి ఒకే గడపలో కాపురముంటున్న ఊరును నా కళ్లతో చూడాలి. అమ్మీకీ చూపించాలి.

ఇక ఎప్పుడు పోవాలన్నది. అడిగినవాళ్లంతా జనవరి అన్నారు. 2016లో మొదలైన పెద్ద సాహిత్య ఉత్సవం ఇప్పుడు ఆ ఊరి సముద్రపొడ్డున జనవరిలో జరుగుతున్నది. 2023 అక్టోబరు 31న యునెస్కో ఆ ఊరికి సాహిత్య నగరం అని పేరు పెట్టింది, మన దేశంలో ఆ పేరు మొదట దక్కింది దానికే. జనవరిలో వాన ఉండదు, చెమట తక్కువ, రచయితలు ఎక్కువ. అన్నీ నిజమే. కాని ఆ ఊరి చరిత్ర ఎండలో అర్థమయ్యేది కాదు. మన హైదరాబాదులో ఏడాది మొత్తం కురిసేది 800 మిల్లీమీటర్ల చిల్లర. కోజికోడ్‌లో సుమారు 3000. జూన్ ఒకటో తేదీ అటూ ఇటుగా నైరుతి గాలి కేరళను తాకుతుంది. ఆ గాలే ఆ ఊరిని పుట్టించింది, బతికించింది, ఒకసారి కాల్చింది కూడా.

మాన్‌సూన్ అనే మాట ఎక్కడిదో చూడండి. అరబ్బీలో 'మౌసిమ్' అంటే కాలం, అదను. అరబ్బు నావికులకు అది ఓడ కదలాల్సిన అదను. పోర్చుగీసులు దాన్ని నోట్లో వేసుకుని మార్చారు, వాళ్ల నుంచి ఇంగ్లీషుకు పోయింది, ఇంగ్లీషు నుంచి మన వాతావరణ శాఖకు వచ్చింది. అదే మాట ఇంకో దారిలో ఫారసీ మీదుగా వచ్చి మన ఇళ్లలో 'మౌసమ్' అయింది. (వానలు మొహం చాటేసిన ఏడాది 'మౌసమ్ మోసం' అని హెడ్డింగు పెట్టిన పాపం నాదే. ఆ రోజు డెస్కులో అందరూ చప్పట్లు కొట్టారు.)

అప్పట్లో ఏడెన్ నుంచి, హోర్ముజ్ నుంచి వచ్చే ఓడలు ఈ నైరుతి గాలిని వెనక పెట్టుకుని వచ్చేవి. అయితే జూన్, జూలై నడి వానల్లో కాదు. అప్పుడు మలబారు తీరం ఓడను బతకనివ్వదు. ఆ ఉధృతి తగ్గిన అదను చూసుకుని వచ్చి, మిరియాలు, అల్లం, బట్ట నింపుకుని, చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి తిరగబడ్డాక వెనక్కి పోయేవి. అంటే వచ్చిన వర్తకుడు నెలల తరబడి ఇక్కడే ఉండక తప్పదు. నెలలు ఉన్నవాడికి ఇల్లు కావాలి. వంట కావాలి. పెళ్లి కావాలి. నమాజుకు చోటు కావాలి. పుట్టిన పిల్లలు తల్లి ఒడిలో తల్లి భాషే నేర్చుకుంటారు కదా. మాపిళ్ల ముస్లింల మొదలు అదే. ఆ తీరంలో ఇస్లాం గుర్రమెక్కి రాలేదు. గాలి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్ల అరుగుల మీద పెరిగింది. మన దగ్గర ముస్లిం అనగానే పాఠ్యపుస్తకం కోట, ఫిరంగి, నవాబు బొమ్మ వేస్తుంది. దర్జీ, దూదేకేవాడు, నేతగాడు, గాజులమ్మేవాడు ఆ బొమ్మలో పట్టరు. అక్కడి పిల్లవాడి ఊహలో మొదట వచ్చేది బహుశా ఓడ. ఈ ఒక్క తేడాకు ఎన్ని వందల ఏళ్ల ఫలితాలున్నాయో లెక్క వేయలేం.

అలా అదను చూసుకుని వచ్చినవాళ్లలో కొందరి సంగతులు మనకు వాళ్ల రాతల్లోనే దొరుకుతాయి. 1340ల్లో ఇబ్న్ బతూతా వచ్చాడు. ముహమ్మద్ బిన్ తుగ్లక్ చైనా చక్రవర్తికి పంపిన కానుకలు ఆయన వెంట ఉన్నాయి. రేవులో పదమూడు చైనా ఓడలు చూశానని రాశాడు. జుమ్మా నమాజు కోసం ఒడ్డున ఆగిపోయాడు. రాత్రికి తుఫాను లేచి కానుకలున్న ఓడను బద్దలు చేసింది. ఆయన సామాను, మనుషులు ఉన్న ఇంకో ఓడ ఆయన్ను వదిలేసి పోయింది. ప్రయాణాల మీద అంత పెద్ద పుస్తకం చెప్పినవాడు ఈ ఒడ్డున ఒంటి మీది బట్టలతో మిగిలాడు. 1400ల మొదట్లో చైనా నౌకాదళపతి జెంగ్ హె పదేపదే వచ్చాడు. పుట్టుకతో ముస్లిం. ఆయన దుబాసీ మా హువాన్ కూడా ముస్లిమే. 1442లో హెరాత్ నుంచి షారుఖ్ పాదుషా రాయబారిగా అబ్దుర్ రజాక్ వచ్చాడు. ఊరు ఆయనకు అంతగా నచ్చలేదు. అయినా ఒక మాట ఒప్పుకున్నాడు: వర్తకులు సరుకును బజారులో వదిలేసి పోయినా భయం లేదని, సుంకం అధికారులే కాపలా కాస్తారని. తర్వాతి ఏడాది ఆయన ఇక్కడి నుంచే విజయనగరానికి పోయాడు. హంపి గురించి మనం గొప్పగా చెప్పుకునే వర్ణనలు రాసింది ఈ మనిషే. ఆయన మన దక్కన్‌లోకి వచ్చిన దారి కోజికోడ్ మీదుగానే.

ఆ కాపలా పెట్టిన రాజు పేరు సామూతిరి. పోర్చుగీసుల నోట్లో జామొరిన్ అయ్యాడు. హిందూ రాజు. కుట్టిచిరలో ముచ్చుంది మసీదు ఉంది. అందులో ఒక శిలాశాసనం. ఒకే రాయి మీద అరబ్బీ, పాత మలయాళ లిపి వట్టెళుత్తు రెండూ ఉన్నాయి. ఆ మసీదుకు సామూతిరి ఇచ్చిన దానం గురించి. ఏడు వందల ఏళ్ల కిందటి రాయి అది. నేను కోజికోడ్‌లో దిగగానే మొదట చూడాలనుకుంటున్నది దాన్నే. కుట్టిచిర అనే పేరులోని 'చిర' అంటే మన చెరువే. రెండు మాటలూ ఒక తల్లి పిల్లలు. ఇప్పటికీ ఆ చెరువు చుట్టూనే ఆ పాత ముస్లిం వాడ ఉంది.

చెరువు పక్కనే మిష్కాల్ పళ్లి. పళ్లి అంటే అక్కడ మసీదు. ఫోటోలో చూపిస్తే నా బిడ్డ "ఇది గుడి కదా అబ్బా" అంది. దాని తప్పు లేదు. గుమ్మటం లేదు, మీనారు లేదు. చెక్క మీద చెక్క పేర్చి నాలుగు అంతస్తులు, వాలుగా దిగిన పెంకుల కప్పులు. గుడి అయినా, మసీదు అయినా, నాయరు ఇల్లయినా ఆ వానకు అదే కప్పు వేయాలి. గుమ్మటం మీద మూడు వేల మిల్లీమీటర్లు కురిస్తే ఏమవుతుందో వడ్రంగికి తెలుసు. ఆ వడ్రంగి ఏ మతం వాడో అడగాల్సిన పని వానకు లేదు. మక్కామసీదు గుమ్మటాల కింద పెరిగిన మా అమ్మీకి ఇది మసీదని నమ్మించడం కష్టమే. అందుకే వానలోనే చూపించాలంటున్నాను. ఆ చూరు నుంచి నీళ్లు ధారగా జారుతుంటే ఆ కట్టడం ఎందుకలా ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు.

దాన్ని కట్టించిన నాఖుదా మిష్కాల్ ఓడల యజమాని. ఇబ్న్ బతూతా పేరెత్తి రాసిన సంపన్నుడు. పై అంతస్తులో కాలిన మరకలు ఇంకా ఉన్నాయి. అవి 1510 జనవరివి.

అంతకు పన్నెండేళ్ల ముందు 1498 మే 20న వాస్కో డ గామా కాప్పాడ్ దగ్గర లంగరు వేశాడు. మన పిల్లలు ఇప్పటికీ 'భారతదేశాన్ని కనుగొన్నవాడు' అని బట్టీ పడతారు. ఎవరు కనుగొన్నారు ఎవర్ని? ఆయన ఒడ్డుకు పంపిన మొదటి మనిషికి ఇద్దరు ట్యునీసు ముస్లింలు ఎదురుపడి ఐరోపా భాషల్లోనే పలకరించారు. ఇంత దూరం మిమ్మల్ని ఏ దయ్యం తెచ్చిందన్నట్టు ఆశ్చర్యపోయారు. ఆఫ్రికా తీరంలో మాలింది నుంచి దారి చూపినవాడు ఆ సముద్రం తెలిసిన నావికుడు. ఆ గాలితో దాటడానికి నెల కూడా పట్టలేదు. తిరిగి పోయేటప్పుడు మాత్రం గామా అదను కోసం ఆగలేదు. ఆగస్టు చివర్లోనే కోజికోడ్ వదిలాడు. అంజదీవ్ దీవి నుంచి అక్టోబరులో బయలుదేరితే ఆఫ్రికా ఒడ్డు కనబడేసరికి 1499 జనవరి వచ్చింది. మూడు నెలలు. చిగుళ్లు వాచి, ఒళ్లు పగిలి, ఎంతోమంది ఆ నీళ్లలోనే పోయారు. ప్రయాణానికి మౌసమ్ చూసుకోవాలని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ నా దగ్గర లేదు. జూలైలో పోదామన్న నా మీద కూడా దీన్నే తిప్పి కొట్టవచ్చు, కాని నేను పోయేది రైల్లో.

రెండోసారి 1502లో గామా వచ్చినప్పుడు మక్కా నుంచి తిరిగి వస్తున్న ఓడను ఆపి, దోచి, ఆడవాళ్లూ పిల్లలతో సహా వందల మందిని ఓడతోపాటు కాల్చాడు. 1510లో ఆల్బుకర్కు సేన కోజికోడ్ మీద పడి మిష్కాల్ పళ్లికి నిప్పు పెట్టింది. సామూతిరి సైనికులు వాళ్లను తరిమికొట్టారు. నాయర్లూ మాపిళ్లలూ కలిసి పోరాడిన యుద్ధం అది. 1571లో సామూతిరి చాలియంలోని పోర్చుగీసు కోటను పడగొట్టించాడు. ఆ కోట కలపతోనే మిష్కాల్ పళ్లిని బాగు చేశారని చెబుతారు. మసీదును కాల్చినవాడి కోట కలప మసీదుకు, అదీ ఒక హిందూ రాజు చేతుల మీదుగా. ఈ ఒక్క సంగతి మన పిల్లల పాఠంలో ఎందుకు లేదో నాకు తెలియడం లేదు.

ఆ యుద్ధాల గురించి షేక్ జైనుద్దీన్ మఖ్దూమ్ అరబ్బీలో 'తుహ్ఫతుల్ ముజాహిదీన్' రాశాడు. కేరళ చరిత్ర మీద ఒక కేరళీయుడు రాసిన తొలి గ్రంథాల్లో అది ఒకటి. దాన్ని అంకితమిచ్చింది బీజాపూర్ సుల్తాన్ అలీ ఆదిల్ షాకు, అంటే మన దక్కన్ సుల్తానుకు. పేరు వినగానే కొందరు ఉలిక్కిపడతారు. కాని లోపల ఉన్నదేమిటి? ముస్లింలకు రక్షణ ఇచ్చిన హిందూ రాజు పక్షాన నిలబడి సముద్రం మీద వచ్చిన దొంగలతో పోరాడమని.

అయితే ఇదంతా పాలూ తేనే అనుకుంటే చరిత్రను మోసం చేసినట్టే. సామూతిరి నౌకాదళాన్ని తరతరాలుగా నడిపించిన కుంజాలి మరక్కార్లలో నాలుగోవాడు బలపడ్డాడు. అతడి మీద సామూతిరి చివరికి పోర్చుగీసులతోనే చేతులు కలిపాడు. 1600లో గోవాలో అతడి తల నరికారు. 1766లో హైదర్ అలీ వచ్చినప్పుడు అప్పటి సామూతిరి అంతఃపురానికి నిప్పు పెట్టుకుని చనిపోయాడు. రాజుల మధ్య స్నేహం రాజ్యం ఉన్నంతవరకే. మైసూరు పాలన, తర్వాత కుంపినీ పాలన ఆ తీరంలో భూమి సంబంధాలను తలకిందులు చేశాయి. ఆ కసి 1921లో ఏరనాడు, వళ్లువనాడు పల్లెల్లో పగిలింది. కౌళ్ల కింద నలిగిన మాపిళ్ల రైతులు ఇంగ్లీషువాళ్ల మీద, జమీందారుల మీద తిరగబడ్డారు. ఆ తిరుగుబాటులోనే హిందువులను చంపడమూ, బలవంతపు మతమార్పిళ్లూ జరిగాయి. ఒకటి చెప్పి ఇంకోటి దాచేవాడు ఏ పక్షంవాడైనా చరిత్రకారుడు కాడు. ఆ ఏడాది నవంబరు 19న తిరూరులో సుమారు వంద మంది ఖైదీలను గాలాడని గూడ్సు పెట్టెలో కుక్కి పంపారు. పోదనూరులో తలుపు తీస్తే శవాలు. మొత్తం 70 మంది దాకా చనిపోయారు. ఆ బండి పోవలసింది బళ్లారి జైలుకు. అప్పటి బళ్లారి జిల్లా అంటే ఆదోని, రాయదుర్గం కూడా అందులోవే. మాపిళ్ల ఖైదీల సంకెళ్ల చప్పుడు తెలుగు నేల అంచుదాకా వచ్చింది.

మరి దగ్గరి కాలం? బేపూరు పక్కనున్న మారాడ్ ఒడ్డున 2002 జనవరిలో గొడవల్లో ఐదుగురు పోయారు. 2003 మే 2న ఎనిమిది మంది హిందూ జాలరులను ముస్లిం గుంపు నరికి చంపింది. ఒకే గాలికి, ఒకే చేపకు బతికే జాలరులు. ఈ ప్రయాణంలో మారాడ్ కూడా నా జాబితాలో ఉంది. ఓడలు, మసీదులు, బిర్యానీ చూసి వచ్చేస్తే నాకు నేను అబద్ధం చెప్పుకున్నట్టవుతుంది.

మళ్లీ భాష దగ్గరికి వస్తాను. సామూతిరి కొలువులో 'పద్దెనిమిదిన్నర' కవులుండేవాళ్లని ప్రతీతి. ఆ అర ఎవరయ్యా అంటే పూనం నంబూద్రి. ఆయన కవిత్వం తక్కువై కాదు, సంస్కృతం వదిలి మలయాళంలో రాశాడని అర కవిని చేశారు! ఊరివాళ్ల భాషలో రాస్తే అర మనిషి. ఆ పండితుల సభ జరిగే తళి గుడి నుంచి కుట్టిచిరకు నడిచిపోవచ్చు. ఆ కుట్టిచిర వైపు 1607లో కోజికోడ్ ఖాజీ ముహమ్మద్, అరబ్బీ పండితుడై ఉండి, 'ముహియుద్దీన్ మాల' అనే పాటను మలయాళంలో కట్టాడు. లిపి అరబ్బీది, మాట మలయాళానిది. దాన్ని అరబీ మలయాళం అంటారు. ఆ లిపిలో తర్వాత పాటలు, కథలు, వైద్య గ్రంథాలు ఎన్నో వచ్చాయి. 1872లో కొండోట్టిలో ఇరవై ఏళ్ల మోయిన్‌కుట్టి వైద్యర్ అదే లిపిలో 'బదరుల్ మునీర్, హుస్నుల్ జమాల్' ప్రేమకావ్యం రాశాడు.

మాపిళ్ల రామాయణం అని ఒకటుంది, విన్నారా? రాముడు అందులో 'లామన్' అవుతాడు. శూర్పణఖ షరియత్ మాట్లాడుతుంది. కర్కాటక మాసంలో, అంటే జూలై నడిమి నుంచి, కేరళ హిందువుల ఇళ్లలో వాన చప్పుడు మధ్య రామాయణం చదువుతారు. పక్కింట్లో విన్న కథను మాపిళ్లలు తమ యాసలో నవ్వుతూ పాడుకున్నారు. ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు.

మన దగ్గర ఇలాంటిది లేదా? ఉంది. అచ్చ తెలుగులో మొట్టమొదటి కావ్యం పొన్నెగంటి తెలగన యయాతి చరిత్ర. సంస్కృతం మాట పడనివ్వకుండా రాసిన ఆ తెలుగు అంకితం పుచ్చుకున్నది పటాన్‌చెరు అమీన్‌ఖాన్. ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడన్నారు. కాని తేడా గమనించండి. మన చరిత్రలో ముస్లిం తెలుగు కావ్యానికి పోషకుడు, సింహాసనం మీద కూర్చుని వినేవాడు. అక్కడ ముస్లిం పాట కట్టినవాడు, పాడినవాడు. సింహాసనం పోతే పోషకుడు పోతాడు. 1948 తర్వాత మా తాత సంగతి అదే అయింది. ఉర్దూలో అర్జీలు రాసి బతికిన మనిషికి ఒక్కసారిగా కచేరీలో పని లేకుండా పోయింది. ఆయనకు తెలుగు వచ్చు, మంచి తెలుగు. రాతలోనే రాలేదు. మా ఉర్దూ మాకు అమ్మ. కాని దాన్ని దర్బారు భాషగా నెత్తిన పెట్టుకున్నంత కాలం తెలుగును బజారులో నిలబెట్టాం. ఆ తర్వాత మమ్మల్నే బజారులో నిలబెట్టి, మీరెవరని అడిగారు.

1956 నవంబరు 1. మలబారు జిల్లా తిరువాన్కూరు-కొచ్చితో కలిసి కేరళ అయిన రోజు. అదే రోజు తెలంగాణ ఆంధ్రతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. రెండూ భాష పేరు మీద కట్టిన ఇళ్లే. ఆ ఇంట్లోకి మాపిళ్ల ముస్లిం సొంత భాషతో నడిచిపోయాడు. మేం దుబాసీ కోసం గడప దగ్గర నిలబడ్డాం. 2014లో ఇల్లు మళ్లీ రెండయింది. గడప దగ్గర నిలబడే అలవాటు మాత్రం మాలో కొందరికి పోలేదు.

వైక్కం ముహమ్మద్ బషీర్ ఆ గడప సంగతే ఎరగనట్టు రాశాడు. వ్యాకరణం కంటే మాపిళ్ల ఇంటి ఆడవాళ్ల మాటకే ఎక్కువ విలువిచ్చాడు. 1944లో వచ్చిన 'బాల్యకాలసఖి' ఒక్కటి చాలు. ఆయన మలయాళం చూసి నీకెలా వచ్చిందని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, వాళ్ల మలయాళమే ఆయన దగ్గర నేర్చుకున్నది. చివరి దశాబ్దాలు బేపూరులో గడిపి 1994 జూలై 5న అక్కడే కన్నుమూశాడు. ఏటా ఆ రోజు ఆ ఇంటికి బడిపిల్లలు, పాఠకులు వస్తారు. ఆయన కూర్చునే మాంగొస్టీన్ చెట్టు ఉంది. నా ప్రయాణపు తేదీ అలా తేలింది. జూన్ 9 అర్ధరాత్రి నుంచి జూలై చివరిదాకా మరపడవల వేట కేరళలో నిషేధం. అంటే మేం పోయేసరికి బేపూరు రేవులో పడవలన్నీ కట్టేసి ఉంటాయి. వాటి పక్కనే 'ఉరు' అనే పెద్ద చెక్క ఓడలను కట్టే చోటు. కాగితం మీద నమూనా గీయకుండా మేస్త్రీ తలలోని లెక్కతో కట్టే ఓడలు అవి. అరబ్బులు ఇప్పటికీ కొనుక్కుపోతారు.

ఇంకా చూడాల్సినవి చాలా ఉన్నాయి. మిఠాయి తెరువు, ఎస్.కె. పొట్టెక్కాట్ ఒక నవల మొత్తం ఆ వీధి మీదే రాశాడు. బాబూరాజ్ హార్మోనియం పెట్టె ముందేసుకుని రాత్రుళ్లు మెహఫిళ్లు నడిపిన వాడలు. ఆయన తండ్రి బెంగాలు నుంచి వచ్చిన హిందుస్తానీ గాయకుడు. కుట్టిచిర కోయల ఇళ్లు, వాటిలో ఇల్లు ఆడవాళ్లది. పెళ్లయ్యాక మగవాడే అత్తవారింటికి పోతాడు, ముసలివాడైనా ఆ ఇంట్లో ఇంకా 'పుతియాప్ల', కొత్త పెళ్లికొడుకే. ఇది చెప్పినప్పుడు వంటింట్లో నుంచి నా భార్య బయటికి వచ్చింది. ప్రయాణం మీద ఆసక్తి ఆమెకు అప్పుడే పుట్టింది. బిర్యానీ పొట్టి బియ్యంతో వండుతారని చెప్పగానే మళ్లీ కొంచెం తగ్గింది.

మిగిలింది అమ్మీ. వారం తర్వాత ఒక సాయంత్రం ఆమె పక్కన కూర్చుని ముహియుద్దీన్ మాల సంగతి చెప్పాను. ముహియుద్దీన్ అంటే ఎవరనుకున్నావు, మన గౌసె పాక్, అబ్దుల్ ఖాదర్ జీలానీ. నువ్వు ప్రతి గ్యార్వీకి ఫాతెహా ఇప్పిస్తావే, ఆయన మీదే నాలుగు వందల ఏళ్లుగా ఆ ఇళ్లలో మలయాళంలో పాడుతున్నారు. కాన్పు కష్టమైతే పాడతారు, రోగమొస్తే పాడతారు. ఫోనులో కొంచెం వినిపించాను. ఒక్క ముక్క అర్థం కాలేదు ఆమెకు, ఆ పేరు తప్ప. పేరు వచ్చినప్పుడల్లా కొంగు తలమీదికి లాక్కుంది. రెండోసారి పెట్టమంది.

తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. మర్నాడు కాచిగూడ నుంచి మంగళూరు వైపు పోయే బండికి నలుగురికీ టికెట్లు తీశాను. రోజూ ఉండే బండి కాదు, బెర్తులు ముందే చూసుకోవాలి. గొడుగులు నాలుగు కొన్నాను. అమ్మీ తన సంచి సర్దుకుంటూ జానమాజు మడత పెడుతూ అడిగింది, అక్కడ దాహమైతే ఎవర్ని ఏమని అడగాలని.

"నీళ్లను వాళ్లు వెళ్లం అంటారమ్మీ."

ఆమె జానమాజు పక్కన పెట్టింది. అప్పటిదాకా దక్కనీలో మాట్లాడుతున్న మనిషి అచ్చ తెలుగులోకి దిగి, "వెళ్లం అంటే పోమని కదరా. మరి టికెట్లెందుకు తీసినవ్?" అంది.